మూడుకీ రెండుకీ మధ్య

ఒట్టు పొట్టీ. ఇప్పుడు నేను చెప్పబోయేదాంట్లో ఒక్క అక్షరం అబద్ధం ఉంటే నా పళ్ళన్నీ రాలిపోవాలి. నవ్వకు. కట్టుడు పళ్ళైతే మాత్రం రాలకూడదా? పోయిన నెల తుమ్మితే ఎదురింటి గుమ్మం దాకా ఎగిరిపడ్డాయి, కావాలంటే ఎదురింటావిడని అడుగు. గోరంతని కొండంత చేస్తానని మీ ఇంట్లో నాకు పేరు. నేను వాన పడుతోందని చెబితే మీ నాన్న కిటికీలోంచి చెయ్యి చాపి చూసుకుంటాడు. అయినా ఇది మాత్రం నిజం. ఎందుకంటే ఇందులో నేను మంచిదానిలా కనిపించే చోటు ఒక్కటీ లేదు. కల్పించేదాన్నే అయితే నా గురించి ఇలా ఎందుకు కల్పిస్తాను?

మీ నానమ్మ తన గదిలో, తన మంచం మీద, నా ఒళ్ళో తల పెట్టుకుని, నిద్రపోయినట్టు పోయిందని నీకు చెబుతూ వచ్చాను కదా. అప్పుడు నీకు తొమ్మిదేళ్ళు, ఇప్పుడు పద్దెనిమిది. ఈలోగా ఆ మాట తొమ్మిది వేలసార్లు చెప్పి ఉంటాను. చెప్పిన ప్రతిసారీ ఆవిడ మొహంలో ఇంకాస్త వెలుగు పెడుతూ పోయాను. ఆ మాట నిజం కాదు. ఆ గదికి బయటినుంచి గడియ ఎందుకుందో, గది ఖాళీగా ఉండగా నేను హాల్లో ఈ కాలు విరిగిన సోఫా మీద ఎందుకు పడుకుంటానో ఇవాళ చెబుతాను.

మేమిద్దరం తోడికోడళ్ళం. ఆవిడ పెద్దకోడలు, నేను చిన్నకోడలు. ఇదే ఫ్లాటులో, ఇదే వంటింట్లో ముప్పై ఎనిమిదేళ్ళు. మా పోట్లాట మొదలైతే కింది అంతస్తువాళ్ళు రేడియో కట్టేసి వినేవాళ్ళు. ఉప్పు డబ్బా పొయ్యికి ఎడమవైపు ఉండాలా కుడివైపు ఉండాలా అని ఒకసారి పదకొండు రోజులు మాటల్లేవు. పన్నెండో రోజు ఆవిడే డబ్బా తీసి మధ్యలో పెట్టి, "ఏడువు" అంది. మొగుళ్ళిద్దరూ ఏడాది తేడాలో పోయారు. మేమిద్దరమే మిగిలాం. మీరు ఊరికి ఆ చివర ఉండేవాళ్ళు. మీ నాన్న బస్సు డ్యూటీ దిగి, రోజూ సాయంత్రం వచ్చి తల్లిని చూసి వెళ్ళేవాడు. వాడి తప్పు ఇందులో ఆవగింజంత కూడా లేదు. అది ముందే చెబుతున్నాను.

ఈ ఇంట్లో గది అనదగ్గది ఒక్కటే. ఆవిడది. గోడ నిండా కిటికీ, రోజంతా వెలుతురు. నాది వంటింటి పక్క గది. అందులో మంచం వేస్తే మనిషి పట్టదు, మనిషి పడితే మంచం పట్టదు. కాపురానికి వచ్చిన రోజునుంచీ నా కన్ను ఆ కిటికీ గది మీదే. ఎవరితోనూ అనలేదు. ఆవిడకి మాత్రం తెలుసు.

జబ్బు ముదిరాక, ఇక వైద్యంతో పని లేదని ఆసుపత్రి వాళ్ళు చెప్పేశారు. ఆఖరి రోజులు ఎక్కడ గడుపుతారమ్మా అని అడిగితే మీ నానమ్మ రెప్ప కూడా వేయలేదు. "నా మంచం మీద. కిటికీ వైపు తిరిగి. అక్కడినుంచి నన్ను కదిపినవాళ్ళ పని చెబుతాను" అంది.

అప్పటినుంచి ఇళ్ళకి వచ్చి చూసే నర్సమ్మ ఒకావిడ రోజూ పొద్దున స్కూటరు మీద వచ్చేది. సోడాబుడ్డి కళ్ళద్దాలు, పిల్లిలాంటి నడక. పెదవులు ఆరిపోకుండా తడి దూది ఎలా అద్దాలో, నొప్పికి నాలుక కింద ఎన్ని చుక్కలు వేయాలో, వీపు ఒరుసుకుపోకుండా రెండు గంటలకోసారి ఎలా పక్కకి తిప్పాలో, అన్నీ నా చేత చేయించి నేర్పింది. ఒక కాగితం కూడా రాయించింది. ఈమెని ఆసుపత్రికి తీసుకెళ్ళవద్దు, ఇంట్లోనే ప్రశాంతంగా పోనివ్వండి అని. డాక్టరు సంతకం, మీ నానమ్మ సంతకం, సాక్షిగా నా సంతకం. దాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించి, "ఎవరొచ్చినా ముందు ఇది చూపించండి" అంది.

ఇంకో మాట వంటింట్లోకి పిలిచి మెల్లగా చెప్పింది.

"చివర్లో ఊపిరి తేడాగా ఉంటుంది. ఒకసారి తీసుకుంటారు. తర్వాత చాలాసేపు ఉండదు. మళ్ళీ తీసుకుంటారు. గొంతులో గరగరమంటుంది. వినేవాళ్ళకి భయం గానీ ఆవిడకి బాధ ఉండదు. చెయ్యి పట్టుకుని కూర్చోండి, అంతే. మరీ కంగారైతే నాకు ఫోన్ చెయ్యండి. అంబులెన్సుకి మాత్రం చెయ్యకండి."

"కంగారా? నాకా?" అన్నాను. "ఇరవైమందిని సాగనంపాను నేను."

ఒక్కరిని కూడా సాగనంపలేదు. మా ఆయన పోయినప్పుడు కూరగాయల కొట్లో ఉన్నాను.

మీ నానమ్మకి నా సంగతి నర్సమ్మకన్నా బాగా తెలుసు. ఒకరోజు వీపుకి మందు రాస్తుంటే గోడ వైపు చూస్తూనే అంది, "నేను పోయాక ఈ గదిలోకి దూకుతావు కదే?"

"ఛ, అవేం మాటలక్కా."

"దూకు, నేనేం వద్దనను. కర్టెన్లు మాత్రం మార్చకు. నీ రంగులు చూడ్డానికైనా లేచొస్తాను."

ఇద్దరం నవ్వాం. నవ్వితే ఆవిడకి దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక నా మణికట్టు పట్టుకుంది. ఆ వేళ్ళలో బలం లేదు, అయినా ఇనప కడియంలా అనిపించింది.

"ఆ టైముకి పారిపోకే. బొద్దింకని చూసి బల్ల ఎక్కేదానివి. నన్ను చూసి ఎక్కకు."

"ఎక్కడికీ వెళ్ళను. చెయ్యి పట్టుకుని కూర్చుంటాను."

"ఒట్టు?"

"ఒట్టు."

ఆ రోజు ఎండ మండిపోతోంది. మధ్యాహ్నం మూడు. కింద ఎవరో కారు కడుగుతున్నారు, బకెట్టు నేలకి తగిలిన చప్పుడు, నీళ్ళ చప్పుడు, మళ్ళీ బకెట్టు. కిటికీలోంచి ఎండ దుప్పటి మీద పడి ఉంది. గదిలో నిమ్మ సబ్బు వాసన. దాని అడుగున పుండ్ల మందు వాసన. దానికీ అడుగున ఇంకేదో వాసన, మగ్గిపోయిన పండులాగా, తియ్యగా. నేను మంచం పక్కన కుర్చీలో కునుకు తీస్తున్నాను.

గరగర మొదలైంది.

ఒక ఊపిరి. తర్వాత ఏమీ లేదు. లెక్కపెట్టాను. ఎనిమిది. ఇంకో ఊపిరి. పన్నెండు... ఇంకోటి. ఆవిడ కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. దుప్పటి మీద చెయ్యి ఒకసారి విప్పి, మూసి, మళ్ళీ విప్పింది. నా చెయ్యి కోసం. నాకు అర్థం కాకపోలేదు.

లేచి హాల్లోకి వెళ్ళి అంబులెన్సుకి ఫోన్ చేశాను.

నర్సమ్మకి చెయ్యలేదు. ఆవిడ ఫోను కలవలేదని తర్వాత ఆవిడతోనే అబద్ధం చెప్పాను. భయమేసి అలా చేశానంటే నువ్వు నమ్ముతావు, జాలి కూడా పడతావు. భయం వేసిన మాట నిజమే. కానీ ఆ నంబరు నొక్కుతున్నప్పుడు నా మనసులో ఉన్నది భయం కాదు. ఆ మంచం మీద ఆవిడ పోతే ఆ గదిలో నాకు నిద్రెలా పడుతుంది అని. ముప్పై ఎనిమిదేళ్ళు ఎదురుచూసిన కిటికీ. ఆసుపత్రిలో పోతే గది శుభ్రంగా మిగులుతుంది. ఇదీ నేను అనుకున్నది. దీన్ని ఎటు తిప్పి చెప్పినా ఇంతకన్నా బాగా వినిపించదు. తొమ్మిదేళ్ళుగా తిప్పి చూస్తూనే ఉన్నాను.

తర్వాత ఫ్రిజ్ మీది కాగితం తీసి, మడత మీద మడత పెట్టి, పిండి డబ్బాలో అడుగుకంటా దూర్చాను. తలుపు తీసేటప్పటికి నా చేతులు మోచేతుల దాకా తెల్లగా ఉన్నాయి.

వచ్చినవాళ్ళు ఇద్దరు. ఒకతను పొడుగు, ఒకతను లావు. పొడుగతను లోపలికి వస్తూనే అడిగాడు, "ఇంట్లోనే ఉంచమని ఏమైనా కాగితం రాసిచ్చారా అమ్మా?"

"ఏ కాగితమూ లేదు బాబూ."

మంచం మీదినుంచి మీ నానమ్మ అంది, "ఉంది."

గరగరలో అతనికి తెలియలేదు. "ఏమంటున్నారు?" అన్నాడు.

"నీళ్ళడుగుతోంది" అన్నాను.

ఈ బిల్డింగు లిఫ్టు నువ్వు చూశావుగా. అగ్గిపెట్టెంత, చుట్టూ ఇనప కటకటాలు. స్ట్రెచరు పట్టలేదు. అందుకని భోజనాల బల్ల దగ్గరి కుర్చీలో ఆవిడని కూర్చోబెట్టి, పడిపోకుండా దుప్పటితో కట్టి, కుర్చీని లిఫ్టులోకి ఎక్కించారు. లావతను మడిచిన స్ట్రెచరు పట్టుకుని ముందే దిగిపోయాడు. పొడుగతను కుర్చీ వెనక నిలబడ్డాడు. ఇంకొకరికి చోటుంది.

"మీరూ రండమ్మా. చెయ్యి పట్టుకుంటే ఆవిడకి ధైర్యంగా ఉంటుంది."

"నాకు లిఫ్టంటే కళ్ళు తిరుగుతాయి, మెట్లు దిగొస్తాను" అన్నాను. రోజుకి పదిసార్లు ఎక్కి దిగే లిఫ్టది.

మెట్లు లిఫ్టు చుట్టూ తిరుగుతాయి కదా. నేను మెట్ల మీద, ఆవిడ కటకటాల్లో. పక్కపక్కనే దిగుతున్నాం. మూడో అంతస్తు దాటింది. రెండోది రాలేదు. మధ్యలో టక్కుమని ఆగిపోయింది.

పొడుగతను బటన్లన్నీ నొక్కాడు. "కింద ఎవరున్నారు!" అని అరిచాడు. నేను మెట్టు మీద నిలబడిపోయాను. ఆవిడ మొహం సరిగ్గా నా మొహానికి ఎదురుగా ఉంది. మధ్యలో కటకటాలు. మూరెడు దూరం.

"ఇంటికి..." అంది.

"వెళ్దాం అక్కా."

"ఇంటికే... కదా?"



కటకటాల సందులోంచి నాలుగు వేళ్ళు బయటికొచ్చాయి. గోళ్ళు ముందురోజే నేను కత్తిరించాను, చూపుడువేలి దగ్గర కొంచెం వంకర పోయింది. ఆ వంకర కూడా కనిపిస్తోంది. అంత దగ్గర. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. పిండి అంటి ఉంది కదా, ఎలా పట్టుకోను అని నాకు నేనే చెప్పుకున్నాను. పిండి, పొట్టీ. పిండి!

నేనైతే అక్కడ గంటసేపు నిలబడ్డానంటాను. పొడుగతను గడియారం చూసి ఆరు నిమిషాలన్నాడు. లిఫ్టు కదిలేముందు అతనే ఆ చేతిని లోపలికి తీసి ఆవిడ ఒళ్ళో పెట్టాడు. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి.

కింద అతను మణికట్టు చూశాడు, మెడ దగ్గర చూశాడు. "అయిపోయిందమ్మా" అన్నాడు.

"ఎక్కడ?" అన్నాను.

ఎప్పుడు అని కదా అడుగుతారు ఎవరైనా. అతను తల ఎత్తి లిఫ్టు గొట్టంలోకి పైకి చూశాడు. "ఆగిన చోట."

పోయినవాళ్ళని వాళ్ళ బండిలో ఎక్కించుకోకూడదట. లిఫ్టు మళ్ళీ ఆగుతుందేమోనని ఇద్దరూ కుర్చీతో సహా ఎత్తి, నాలుగు అంతస్తులూ మెట్ల మీదుగా మోసుకొచ్చి, మంచం మీద పడుకోబెట్టి వెళ్ళిపోయారు. నేను చేతులు కడుక్కున్నాను. తల దువ్వాను. దుప్పటి సర్ది, మొహం కిటికీ వైపు తిప్పాను. సాయంత్రం ఆరింటికి మీ నాన్న యూనిఫాంలోనే పరిగెత్తుకొచ్చాడు.

"ఎలా పోయింది పిన్నీ?"

"నా ఒళ్ళోనేరా. ఇక్కడే. నిద్రపోయినట్టు."

వాడు నా రెండు చేతులూ తీసుకుని కళ్ళకి ఆనించుకున్నాడు. "నువ్వు లేకపోతే దిక్కులేనిదానిలా ఎక్కడో పోయేది" అన్నాడు. ఇప్పటికీ వాడొస్తే నేను చేతులు శాలువాలో దాచుకుంటాను. చలి అనుకుంటాడు, పిచ్చివాడు.

శరీరం మెట్ల మీదుగా వచ్చింది. ఆవిడ లిఫ్టులోనే ఉండిపోయింది. ఆ సంగతి నాకు పది రోజుల తర్వాత తెలిసింది.

అప్పటికి పరుపు ఎండలో వేశాను. కొత్త కర్టెన్లకి కొలతలు కూడా తీసుకున్నాను. అవును, తీసుకున్నాను. మధ్యాహ్నం మూడింటికి టీ పెట్టుకుంటుంటే లిఫ్టు చప్పుడైంది. సగంలో టక్కుమని ఆగింది. కాసేపటికి కదిలి మన అంతస్తుకి వచ్చింది. ఎవరో వచ్చారని తలుపు తీశాను. లిఫ్టులో దీపం వెలుగుతోంది. ఎవరూ లేరు. నిమ్మ సబ్బు వాసన... దాని అడుగున ఇంకో వాసన. కటకటాల వెనక, కుర్చీ ఎత్తులో... ఒక ఊపిరి.

లెక్కపెట్టాను. పద్నాలుగు.

ఇంకో ఊపిరి.

తలుపు మూసేశాను.

మర్నాడు మూడింటికి. ఆ మర్నాడు మూడింటికి. మెకానిక్కుని పిలిపించాను. రెండు గంటలు తాళ్ళూ చక్రాలూ అన్నీ చూసి, "ఏ లోపమూ లేదమ్మా" అన్నాడు. అన్నాక, పనిముట్ల పెట్టె లిఫ్టులోనే వదిలేసి మెట్ల మీదుగా దిగిపోయాడు. మళ్ళీ ఈ వీధిలో కనిపిస్తే ఒట్టు.

ఇరవై మూడు రోజులు భరించాను. ఇరవైనాలుగో రోజు వెళ్ళి కటకటాల తలుపు పక్కకి లాగాను.

"రా అక్కా," అన్నాను గుసగుసగా. "తప్పయిపోయింది. నీ గదికి రా."

ఒక ఊపిరి. నా చెవి పక్కన.

వెనక్కి తిరిగి నడిచాను. అక్కడినుంచి గదికి పదకొండు అడుగులు. నా వెనక కాళ్ళ చప్పుడు లేదు. కుర్చీ కాళ్ళు నేల మీద రాసుకుంటూ వస్తున్న చప్పుడు... ఆగి... మళ్ళీ... భోజనాల బల్ల దగ్గర చూశాను. కుర్చీలు నాలుగూ అక్కడే ఉన్నాయి.

గదిలోకి వెళ్ళాను. మంచం కిర్రుమంది. ఉతికి పరిచిన దుప్పటి కిటికీ వైపు మెల్లగా కిందికి దిగింది. మనిషి బరువుకి దిగినట్టు.

పక్కన కూర్చున్నాను. ఈసారి కదలను అనుకున్నాను. రెండు చేతులూ కుర్చీ అంచుకి బిగించి పట్టుకున్నాను.

ఒక ఊపిరి.

పద్దెనిమిది...

ఒక ఊపిరి.

ఇరవై ఆరు...

ఒక ఊపిరి. చాలా చిన్నది.

ఒకటి. రెండు. మూడు. కింద పిల్లలు ఆడుకునే చప్పుడు ఆగిపోయింది. ఇరవై. గదిలో ఈగ కూడా లేదు. ఇరవై ఐదు. దుప్పటి అంచున, నా మోకాలి దగ్గర, ఒక చిన్న గుంట పడింది. వేలంత. పక్కన ఇంకోటి. ఇంకోటి. నాలుగు. అవి నా వైపు జరుగుతున్నాయి... మెల్లగా... ముప్పై...

పట్టుకోవాలి. అంతే. నర్సమ్మ చెప్పింది అంతే కదా.

ముప్పై ఒకటి.

లేచి పారిపోయాను.

రెండోసారి కూడా, పొట్టీ. పోయిన మనిషి తిరిగొచ్చి ఇంకో అవకాశం ఇస్తే, రెండోసారి కూడా పారిపోయాను. బయటినుంచి గడియ పెట్టి, దాని మీద వీపు ఆనించి సాయంత్రం దాకా కూర్చున్నాను. సిగ్గుతో మనిషి చచ్చిపోతాడంటారు. అబద్ధం. చక్కగా లేచి టీ తాగుతాడు.

ఆ రోజునుంచి లిఫ్టు మధ్యలో ఆగలేదు. ఆ తలుపు వినిపించే దూరంలో ఉండాలని ఈ సోఫా మీదికి మారాను. తలుపుకి చెవి పెట్టి ఎన్ని వందలసార్లు విన్నానో. ముప్పై ఒకటి తర్వాతి ఊపిరి రాలేదు. వెళ్ళిపోయిందనుకుందామంటే అలా కూడా లేదు. తలుపు అవతల ఎవరో ఊపిరి బిగబట్టుకుని ఉన్నట్టే ఉంటుంది. తొమ్మిదేళ్ళుగా. నేను వచ్చి చెయ్యిస్తే గానీ ఆఖరిది వదలనని. మొండిఘటం.

మొన్న డాక్టరు నా గుండె విని, మీ నాన్నని పక్కకి తీసుకెళ్ళి మాట్లాడాడు. నాకేం చెవుడు లేదు. వాడు కళ్ళు తుడుచుకుని వచ్చి, "నిన్ను కూడా ఎక్కడికీ పంపం పిన్నీ. అమ్మలాగే, ఇంట్లోనే, అమ్మ గదిలోనే" అన్నాడు. నాకు తోడుగా నిన్ను పంపింది అందుకే. వాడి ముందు నోరు పెగల్లేదు. నీ ముందు పెగిలింది. వాడికి చెప్పడం చెప్పకపోవడం నీ ఇష్టం.

ఇవాళ పొద్దున, నువ్వు రాకముందు, గడియ తీశాను.

తొమ్మిదేళ్ళ దుమ్ము ఉండాలి కదా. లేదు. కిటికీ వైపు పరుపులో ఆ గుంట అలాగే ఉంది, మీ నానమ్మ పొడుగున. అది ఉంటుందని నాకు తెలుసు. నేను గుమ్మంలోనే ఆగిపోయింది దానికి కాదు. దాని పక్కన, గోడ వైపు, ఇంకో గుంట ఉంది. కాస్త పొట్టిది. ఎడమ తుంటి దగ్గర ఎక్కువ లోతు. నేను జారిపడి ఈ ఎడమ తుంటి విరగ్గొట్టుకున్నది పోయినేడాదే. ఆ మంచం మీద నేను నా జన్మలో ఒక్కసారి కూడా పడుకోలేదు.

చెయ్యి పెట్టి చూశాను. వెచ్చగా ఉంది.

ఈసారి కుర్చీలో కూర్చోను. కుర్చీలోంచి లేవడం తేలిక.

ఏడవకు. లే. స్టూలు వేసుకుని అటక మీదినుంచి ఇంకో దిండు దించుకురా. నీలం గలేబుది, గట్టిగా ఉంటుంది, మెత్తటిదైతే నాకు మెడ పట్టేస్తుంది. బాగా దులిపి, ఆ మంచం మీద గోడ వైపు పెట్టు. వంగి పెట్టేటప్పుడు మాత్రం జాగ్రత్త, అవతలి దిండు కదలనివ్వకు.